నీళ్లూ దీపమూ అద్దెలోనే

పోయిన వారం మనం ఓబులమ్మను వంటింటి గోడ దగ్గర పేడ చేత్తో వదిలేసి వచ్చాం. మనకు మధ్యలో ఏడు రోజులు గడిచాయి గాని ఆమెకు ఒక ఊపిరి కూడా గడవలేదు. అక్కడే గొంతుక్కూర్చుని, గోడ మొదటికేసి చూస్తూ ఉంది.

నడుమలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. అర్ధవీడు దగ్గరి పల్లెలో గొర్రెలన్నీ రోగం వచ్చి పోయాక, కాశయ్య పెళ్లాన్నీ, కాళ్లు పడిపోయిన తల్లినీ బండిలో వేసుకుని మార్కాపురం చేరాడు. పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే పని దొరికింది. ఇల్లే దొరకలేదు. మద్రాసు మీద బాంబులు పడతాయని పారిపోయి వచ్చిన కుటుంబాలు ఊళ్లో ఇళ్లన్నీ వసారాలతో సహా నింపేశాయి. ఒకచోట గది చవకే గాని నీళ్లకు ఊరి చివరికి పోవాలి. ఇంకోచోట పెరట్లోనే బావి ఉంది గాని బిందెకింతని విడిగా తీసుకుంటారు. మరోచోట అన్నీ కుదిరాక ముసలమ్మ దగ్గు విని తలుపేసుకున్నారు. పదకొండు రోజులు సత్రం అరుగు మీద పడుకున్నాక కృష్ణవేణమ్మ ఇల్లు దొరికింది. రెండు గదులు, నెలకు నాలుగు రూపాయలు. బావి నీళ్లు, పొయ్యిలోకి కట్టెలు, రెండు దీపాలకు కిరసనాయిలు, అన్నీ అందులోనే.

మనకు కిరసనాయిలు వచ్చే రంగూను జపానువాళ్ల చేతిలో పడ్డాక అది ఎంత కష్టమైపోయిందో అందరికీ తెలుసు. రేషను చీటీ పట్టుకుని పొద్దుటి నుంచి నిలబడితే అర సీసా పోస్తారు, పోయకనూ పోతారు. అట్లాంటి కాలంలో దీపం కూడా అద్దెలోనే కలిపి ఇచ్చే తల్లి ఎవరమ్మా అని ఓబులమ్మ చేతులెత్తి మొక్కింది. ఎందుకిస్తోందని మాత్రం అడగలేదు. నెత్తి మీద కప్పు దొరికిన సంతోషంలో ఎవరడుగుతారు చెప్పండి!

ఇప్పుడు మూడు నెలలైంది. ఈ పొద్దున ఇల్లు అలుకుతుంటే వంటింటి గోడ మొదట్లో జానెడు మేర పేడ అంటుకోలేదు. ఎంత మెదిపినా జారిపోతోంది. ఓబులమ్మ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. కిరసనాయిలు. దీపం ఒలికిందేమో అనుకుందామంటే దీపాలు రెండూ ముందు గదిలో గూట్లో ఉన్నాయి. గోడ మీద చెయ్యి పెట్టింది. మట్టి మెత్తగా, జిడ్డుగా వేళ్లకు అంటుకొచ్చింది. తడి లోపలి నుంచి ఊరుతోంది.

ఆ గోడకు అవతల మూడో గది ఉంది. తాళం వేసిన గది. ఇవతల, సరిగ్గా ఆ గోడకు ఆనించి, ఓబులమ్మ పొయ్యి భగభగ మండుతోంది. ఎసట్లో బియ్యం ఉడుకుతున్నాయి.

"మే ఓబులా, పొయ్యిలోంచి రవ్వంత నిప్పు తెచ్చియ్యి. చుట్ట ఆరిపోయింది" అని ముందు గదిలోంచి అత్త అంకాలమ్మ కేకేసింది.

ఆ గోడే ముందు గది దాకా సాగుతుంది, అత్త మంచం కూడా దాని పక్కనే. ఎండ తగలదని, చల్లగా ఉంటుందని, ఏరికోరి ఓబులమ్మే వేసింది. బిందె ఎత్తి నీళ్లన్నీ పొయ్యిలో గుమ్మరించింది. బుస్సుమని బూడిద లేచి ఇల్లంతా కమ్ముకుంది. అన్నం సగం ఉడికి ఆగిపోయింది.

"ఏందే ఆ చప్పుడు?"

"ఏం లేదత్తా. పొయ్యి ఆర్పినా."

"వండకుండానే ఆర్పినావా? వాడొచ్చి ఏం తింటాడు?" ముసలమ్మ మెడ సాచి చూసింది. కోడలు వచ్చి తన చేతిలో చుట్టా, పుల్లలు ఖర్చవుతాయని తలగడ కింద దాచుకున్న అగ్గిపెట్టే లాక్కుంటుంటే నోరు తెరిచింది. "నీకేమన్నా గాలి సోకిందా? పెళ్లిగాక ముందు నుంచి కాలుస్తా ఉండా నేను. మీ మామే ఏమనలేదు."

"ఈ పొద్దుకు వద్దత్తా. నీ కాళ్లు పట్టుకుంటా."

"పట్టుకో. వాటికెట్లాగూ తెలీదు" అని ముసలమ్మ అటు తిరిగి పడుకుంది.

ఓబులమ్మ నవ్వలేదు. మామూలుగా అయితే అత్త మాటలకు పొట్ట పట్టుకుని నవ్వేది. నడుముకు దోపుకున్న గుత్తిలోంచి మూడో తాళంచెవి విడిగా పట్టుకుంది.

ఆ తాళంచెవి సంగతి చెప్పాలి. ఇంట్లో దిగిన రోజున కృష్ణవేణమ్మే తన చేత్తో గుత్తి ఓబులమ్మ నడుముకు దోపింది. ఒకటి వీధి తలుపుది, ఒకటి పెరటి తలుపుది. మూడో తాళం మాత్రం తెరవకూడదు. లోపల మా అత్తగారి మడి బట్టలు, పూజ సామాను ఉన్నాయి, మీరు ముట్టుకుంటే మైలపడతాయి, తాళంచెవి మటుకు నీ దగ్గరే ఉండనీ, ఇంటి ఇల్లాలివి గదా అంది. పరాయి కులం వాళ్ల మడి సామాను అంటే ఓబులమ్మకు భక్తీ, భయమూ రెండూ ఉన్నాయి. ఆ గది గడప కూడా తొక్కలేదు. గుత్తిని మాత్రం మూడు నెలలుగా బిళ్లల మొలతాడు పెట్టుకున్నంత గొప్పగా పెట్టుకు తిరిగింది. బావి దగ్గర, సంతలో, పేరంటంలో అందరూ చూశారు. మూడు గదుల ఇల్లాలివి, నీకేం తక్కువ అని ఎగతాళి చేస్తే, లోలోపల మురిసిపోయింది కూడా. పిచ్చి తల్లి.

తాళం తిప్పగానే తెరుచుకుంది. తుప్పు పట్టలేదు. ఇంకో తాళంచెవితో ఎవరో తరచుగా తీస్తున్నారు.

లోపల మడి బట్టలూ లేవు, పూజ సామానూ లేదు. గోనెపట్టాలు కప్పిన దొంతరలు దూలాల దాకా ఉన్నాయి. ఒక పట్టా పైకెత్తితే కిరసనాయిలు డబ్బాలు. ఇంకోటి ఎత్తితే అవే. గోడ వారగా అడుగున ఉన్న డబ్బా ఒకటి చిల్లిపడి సన్నగా కారుతోంది. కారినదంతా మట్టి గోడ తాగుతోంది. ఆ వాసనకు కళ్లు మండాయి. మూడు నెలలు. రెండు పూటలా ఈ గోడకు అవతల కూర్చుని గొట్టంతో ఊది ఊది మంట పెట్టింది తను. ఒక్క నిప్పురవ్వ పగుల్లోంచి ఇటు పడి ఉంటే? అత్త లేచి పరిగెత్తలేదు. తను మోసుకుని గడప దాటేలోపల ఇల్లూ, పక్కిల్లూ, వీధీ మిగలవు. ఓబులమ్మ ఉన్నచోటే కూర్చుండిపోయింది.

"తలుపేసి ఇవతలికి రా."

గడప దగ్గర కృష్ణవేణమ్మ నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో జపమాల. గొంతు పెంచలేదు. అదే ఓబులమ్మను ఇంకా భయపెట్టింది.

"పెద్దమ్మా, పూజ సామాను అన్నావు గదా."

"అన్నాను. నువ్వు నమ్మినావు. నమ్మినదానివి అట్లనే ఉండుంటే బాగుండు."

"ఈ గోడకే గదా నా పొయ్యి ఉండేది. మా అత్త మంచం ఉండేది. ఆమె లేవలేదు పెద్దమ్మా. నీకు తెలుసు."

"మూడు నెల్ల నుంచి ఏమన్నా అయిందా?"

ఓబులమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఇంటికి వచ్చిన రోజున బెల్లమూ, పప్పూ కొంగులో పోసిన మనిషే. అత్తకు దగ్గు తగ్గాలని శొంఠి కాచి పంపిన మనిషే. అదే మనిషి ఈ మాట ఎట్లా అనగలిగిందో అర్థం కాలేదు.

"ఇప్పుడే తీయించు పెద్దమ్మా. ఈ పొద్దే. లేకపోతే మేము ఇల్లు ఖాళీ చేస్తాం."

"చేసి యాడికి పోతారు? ఊరంతా తిరిగే గదా నా దగ్గరికొచ్చినారు. మళ్ల సత్రం అరుగు మీదికా?" కృష్ణవేణమ్మ అరుగు మీద కూర్చుంది. "తీయించేదానికి ఇప్పుడు వీలు గాదు. తాలూకా ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు దిగినాడు. నిన్న మా నాగేశ్వర్లు దుకాణమంతా సోదా చేసినాడు. ఏమీ దొరకలేదు. రేపో ఎల్లుండో ఇండ్లకొస్తాడు. బండి కదిలితే పట్టుకుంటారు."

నాగేశ్వర్లు ఆమె ఒక్కగానొక్క కొడుకు. గాంధీబజారులో కిరసనాయిలు లైసెన్సు దుకాణం అతనిది. చీటీలు పట్టుకుని వచ్చినవాళ్లకు సరుకు రాలేదని చెప్పి తిప్పి పంపే దుకాణం. ఆ రాని సరుకు ఎక్కడుందో ఓబులమ్మ ఇప్పుడు చూసింది.

"ఇండ్లకొస్తే దొరకదా?"

"దొరుకుతుంది. అడుగుతాడు. నేను చెప్పేది ఒకటే. ఆ గది నాది గాదు నాయనా, బాడుగకిచ్చినా అంటా." కృష్ణవేణమ్మ జపమాల ఒళ్లో పెట్టుకుంది. "కాగితం ఉంది. మూడు గదులని రాసి ఉంది. కింద కాశయ్య వేలిముద్ర ఉంది. తాళంచెవి ఎవరి నడుముకు ఉందో బజారంతా చూసింది."

ఓబులమ్మ చెయ్యి దానంతట అదే నడుము మీదికి పోయింది. మూడు నెలల మురిపెమంతా ఒక్కసారిగా నిప్పుకణికై తగిలింది. కాగితం రాసిన రోజు కాశయ్య ఎంత సంబరపడ్డాడు! మా ఊళ్లో నోటిమాటే గాని ఇట్లా కాగితం ఎవరు రాసిస్తారు, పెద్దింటోళ్లు గాబట్టి రాసిచ్చినారు అని నలుగురికీ చెప్పుకున్నాడు. అతనికి చదువు రాదు. ఎవరు చదివి వినిపించారో, ఏమని చదివారో.

"మా ఆయన్ని జైల్లో వేస్తారు పెద్దమ్మా."

"ఆరు నెలలో, ఏడాదో. చంపరు గదా." ఆ మాట అని కృష్ణవేణమ్మ జపమాల మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నాకు ఉండేది వాడొక్కడే. వాడి నాయన పోయినాక ఈ చేతులతో సాకినా. వాడు తప్పు చేసినాడు, కాదనను. తప్పు చేసినాడని కొడుకును పట్టిస్తామా? నువ్వయితే పట్టిస్తావా?"

"మేమేం చేసినాం పెద్దమ్మా, మా మీద ఎయ్యడానికి?"

కృష్ణవేణమ్మ ఓబులమ్మ చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేంత గట్టిగా. ఆమె కూడా భయంతో చస్తోందని ఓబులమ్మకు అప్పుడు తెలిసింది.

"కాశయ్య వచ్చేదాకా మీ అత్తాకోడళ్లు ఈడనే ఉండండి. బాడుగ అడగను. నీళ్లు, కట్టెలు, దీపం, ఇప్పుడిస్తున్నట్టే అన్నీ ఇస్తా. తిండి గింజలు కూడా నేనే చూస్తా. నోరు తెరవకుంటే చాలు."

మొగుడి జైలుకు బదులుగా నీళ్లూ, కట్టెలూ, దీపమూ! ఓబులమ్మ చెయ్యి విడిపించుకుంది. గదికి తాళం వేసి, ఇంట్లోకి పోయి, అత్తను మంచంతో సహా ఈడ్చుకుంటూ పెరట్లో బావి పక్కకు చేర్చింది. "ఎండలో మాడిపోతా ఉండానే" అని ముసలమ్మ అరుస్తుంటే నెత్తి మీద తడిగుడ్డ వేసింది. చుట్టలూ, అగ్గిపెట్టే కొంగున కట్టుకుంది. ఆ తర్వాత వీధిలో పడి ఫ్యాక్టరీ వైపు పరుగులాంటి నడక మొదలుపెట్టింది. ఎదురొచ్చిన ప్రతి ఖాకీ చొక్కా ఇన్‌స్పెక్టరుదే అనిపించింది. ఇద్దరు పోస్టు బంట్రోతులను చూసి రెండుసార్లు సందులోకి తప్పుకుంది.

పలకల ఫ్యాక్టరీలో అందరి తలలూ దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి. కాశయ్య మూల కూర్చుని పలకకు చట్రం బిగించి చిన్న సుత్తితో మేకులు కొడుతున్నాడు. అతన్ని చూడగానే ఓబులమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతసేపూ ఎట్లా బిగబట్టుకుందో. పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా చెప్పింది. గోడ తడి చెప్పింది, తలుపు తీసిన సంగతి చెప్పింది, లోపల ఉన్నవి చెప్పింది.

కాశయ్య సుత్తి ఆగలేదు. ఒక మేకు కొట్టాడు. ఇంకో మేకు తీసుకున్నాడు.

"ఎందుకు తెరిచినావే?" అన్నాడు, తలెత్తకుండా.

"తెరవకుంటే కాలిపోయేవాళ్లం గదయ్యా. అడుగున ఒక డబ్బా కారిపోతా ఉంది."

"నలభై రెండిట్లో ఒకటా, రెండా?"

ఓబులమ్మకు ముందు ఆ మాట చెవికి పట్టలేదు. తను డబ్బాలు లెక్కపెట్టలేదు. అతనికి ఎన్నని చెప్పలేదు. చుట్టూ సుత్తుల చప్పుడు, రంపాల చప్పుడు. వాటి మధ్యలో ఆమె కాశయ్య వంకే చూస్తూ కూర్చుంది. ఏడేళ్ల కాపురంలో ఈ మొహాన్ని ఇంత భయంతో ఎప్పుడూ చూడలేదు.

"నీకు తెలుసా?"

"నేనే మోసినా." కాశయ్య గొంతు గొణుగుడులా వచ్చింది. "మనం దిగేదానికి ముందు రోజు. సత్రంలో అమ్మ ఎట్ల దగ్గుతా ఉండెనో చూసినావు గదా. ఇంకో వారం ఆడనే ఉంటే మనిషి దక్కేది గాదు. నాగేశ్వర్లు పిలిచి, ఒక గదిలో సామాను పెట్టుకుంటా, నోరు మూసుకుంటే ఇల్లిస్తానన్నాడు. రెండు గదులు, నీళ్లు, కట్టెలు, దీపం, నాలుగు రూపాయలకు ఊరికే ఎవరిస్తారే?"

"ఆ గోడకే నేను పొయ్యి పెట్టుకున్నా. నువ్వు చూస్తానే ఉన్నావు. ఆ పొయ్యి మీది కూడే తిన్నావు."

"చూసినా. పొయ్యి మార్చమంటే ఎందుకని అడుగుతావు. నువ్వు ఊదే ప్రతిసారీ నా పైప్రాణాలు పైనే పోయేవి. రాత్రిళ్లు లేచి పోయి బూడిద తడిమి చూసేవాణ్ణి." అతని కళ్లలో నీళ్లు దుమ్ములో చారలు కట్టాయి. "నీకు అబద్ధం చేతగాదు ఓబులా. చిన్న మాట దాచినా నీ మొగం చెప్పేస్తాది. ఎవరన్నా వచ్చి అడిగితే తెలీదని నువ్వు నిజంగా చెప్పాల. నీ మొగం చూసి వాళ్లు నమ్మాల. అందుకే చెప్పలేదు. నాగేశ్వర్లు ఈ నెలలో తీసేస్తానన్నాడు. నీకు తెలీకుండానే అయిపోతాదనుకున్నా."

కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేక ఓబులమ్మ మిగిలిన మాట చెప్పింది. "కాగితంలో మూడు గదులని ఉందంట. ఆ గది కూడా నీ పేరు మీదే."

ఇప్పుడు సుత్తి ఆగింది.

"రెండని చదివినాడే" అన్నాడు కాశయ్య. "నాగేశ్వర్లే చదివినాడు. నా ఎదురుగానే చదివినాడు. సామాను తనదన్నాడు గదా, నాకేమని నేను..." మాట పూర్తికాలేదు. ఇంతకాలం అతను భయపడింది నిప్పుకు. జైలు సంగతి అతని ఊహలోనే లేదు. ఆ జైలు ఇప్పుడు నాలుగు గోడలతో సహా కళ్లకు కట్టింది.

వాకిట్లో సుత్తుల చప్పుడు ఒకటొకటిగా ఆగింది. ఓబులమ్మ తిరిగి చూసింది. మేస్త్రీ వెంట కోటు తొడుక్కున్న మనిషి ఒకాయన వస్తున్నాడు. వెనక బిళ్ల బంట్రోతు. రేపో ఎల్లుండో అన్నది కృష్ణవేణమ్మ. ఈయన ఈ పొద్దే వచ్చేశాడు.

"కాశయ్యంటే నువ్వేనా?" ఆయన గొంతులో కోపమేమీ లేదు. కోస్తా మాట తీరు. "ఇప్పుడే కృష్ణవేణమ్మగారి ఇంటి నుంచి వస్తున్నాను. మూడు గదులూ నువ్వే అద్దెకు తీసుకున్నావని కాగితం చూపించారు. ఒక గదికి తాళం వేసుంది. నువ్వు ఎదురుగా ఉండగానే తెరవాలి. పద."

కాశయ్య లేవబోయి మళ్లీ కూర్చుండిపోయాడు. ఒళ్లోని పలక జారి రెండు ముక్కలైంది.

ఇన్‌స్పెక్టరు చూపు ఓబులమ్మ మీదికి మళ్లింది. ఏడ్చిన మొహం, చెదిరిన జుట్టు. ఒక్క క్షణం చూసి ఆయన మెత్తబడ్డాడు. "నువ్వు ఇతని భార్యవా అమ్మా? భయపడకు. మగవాళ్లు చేసే పనులు ఇంట్లో ఆడవాళ్లకు చెప్పరు, నాకు తెలుసు. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ గదిలో ఏముందో నీకు తెలుసా?"

తెల్లవారుజామున ఈ మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది! తెలీదయ్యా, మడి సామాను ఉందన్నారు అని ఓబులమ్మ గడగడా చెప్పి ఉండేది. ఆయన నమ్మి ఉండేవాడు, అది నిజమూ అయి ఉండేది. కాశయ్య ఆమె వైపే చూస్తున్నాడు. కళ్లతో బతిమాలుతున్నాడు. చుట్టూ పాతికమంది చేతుల్లో సుత్తులు పట్టుకుని ఆమె నోరు ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నారు. ఓబులమ్మకు తన మొహం మీదికి రక్తమంతా ఎక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంది, ఆపడం చేతకావడం లేదు.

ఇన్‌స్పెక్టరు ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆయన గొంతు మారింది.

"తెలుసన్నమాట" అన్నాడు.